జాలీ బాయ్‌లో స్నార్కెలింగ్ ఆపేయాలా?

తీరవాసి:
అండమాన్‌లో వండూర్ దగ్గరున్న మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కు గురించి. 1983లో ప్రకటించిన రక్షిత ప్రాంతం, సుమారు 280 చదరపు కిలోమీటర్లు. మనలాంటి వాళ్లు చూసేది జాలీ బాయ్, రెడ్ స్కిన్ దీవులే. వానాకాలంలో మొదటిది మూసి రెండోది తెరుస్తారు. నా మాట సూటిగా చెప్తాను: అక్కడ స్నార్కెలింగ్ (మాస్కు, ఊపిరి గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ పగడాలు చూడటం) ఆపేసి, అడుగున అద్దం ఉండే గ్లాస్ బాటమ్ బోటు ఒక్కటే ఉంచాలి.

మొన్న సెలవుల్లో వెళ్లాం. ఈత రానివాళ్లని ట్యూబు పట్టించి లాక్కెళ్తున్నారు. మాస్కులోకి నీళ్లొచ్చాయని ఒకాయన గాభరాపడి కాళ్లు కిందికి దించేశాడు. నిలబడింది మెదడులా మడతలు మడతలుగా ఉండే గుండ్రటి పగడం మీద. తీరిగ్గా మాస్కు బిగించుకుని, ఒడ్డునున్న పిల్లలకి చెయ్యి ఊపి మరీ దిగాడు. ఆ జాతి పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. జెట్టీలో సంచులు వెతికి ప్లాస్టిక్ తీయించేస్తారు కదా, ఆ శ్రద్ధ నీళ్లలో ఏమైంది?

పోర్ట్‌బ్లెయిర్ తెలుగోడు:
మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకొచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా మేనమామ ఇప్పుడు టూరిస్టు బోటు మీద పని చేస్తాడు. ఆపేయమనడం తేలికే అండీ, ఆ ఇళ్లు ఎలా గడవాలి?

అసలు 2010లో ఇక్కడి పగడాలు తెల్లబడిపోయినప్పుడు ఏ టూరిస్టు తొక్కాడు? పగడం ఒంట్లో ఉండే సూక్ష్మమైన నాచే దానికి తిండి, రంగు. నీళ్లు మరీ వేడెక్కితే ఆ నాచుని బయటికి గెంటేస్తుంది, ఆ తర్వాత ఆకలితో చస్తుంది. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో 2016లో ఘోరంగా దెబ్బతిన్నది జనం పెద్దగా వెళ్లని ఉత్తరం వైపే. శత్రువు వేడి. కాళ్లు కాదు.

పగడపు పిచ్చి:
వేడి గురించి మీరు చెప్పింది నిజం, కానీ దాంతో కాళ్లకి క్లీన్ చిట్ రాదు. తెల్లబడ్డ పగడం వెంటనే చచ్చిపోదు. నీళ్లు త్వరగా చల్లబడితే మళ్లీ నాచు చేరి కోలుకుంటుంది. సరిగ్గా ఆ వారాల్లో దానికి ఫిన్ను (ఈతకి కాళ్లకి తొడిగే రెక్క) తగిలినా, తన్నిన ఇసుక పేరుకున్నా కోలుకునే అవకాశం పోతుంది. జ్వరంతో పడుకున్నవాడి మంచమెక్కి తొక్కినట్టే. సముద్రం వేడి తగ్గించడం వండూర్ బోటువాళ్ల చేతిలో లేదు, కాళ్లు పైకుంచడం ఉంది.

థాయ్‌లాండ్‌లో టూరిస్టులు ఎగబడే మాయా బే తీరం చూడండి. 2018లో మూసేశారు, పగడాలు నాటారు, 2022 జనవరిలో తెరిచారు. ఇప్పుడు పడవలు బే లోపలికి రావు, దీవి వెనకవైపు ఆగుతాయి. ఈతకి అనుమతి లేదు, అయినా జనం వస్తూనే ఉన్నారు. కాబట్టి నిబంధన పెడితే బతుకుతెరువు పోతుందన్న భయం నాకు లేదు.

నేనైతే పూర్తిగా ఆపమనను. నీళ్లలో ముఖం పెట్టి చిలకచేప పగడాన్ని కొరికే చప్పుడు విన్నవాడు దాన్ని మర్చిపోడు, అలాంటి మనుషులు కావాలి. కానీ మాస్కుతో ఊపిరి తీయడం ముందు ఇసుక అడుగున్న చోట నేర్పాలి. అక్కడ కాళ్లు దించకుండా తేలగలిగినవాళ్లనే పగడాల మీదికి పంపాలి, మిగతావాళ్లు బోటులోంచి చూస్తారు. పాటు సమయంలో, నీళ్లు నడుము లోతుకి తగ్గినప్పుడు, ఎవరినీ దింపకూడదు. తెల్లబడటం మొదలైన ఏడాది మాత్రం తీరవాసి గారు అన్నట్టు పూర్తిగా ఆపాలి, ఆ నెలలకి బోటు పనివాళ్లకి ప్రభుత్వం జీతం ఇవ్వాలి.

పోర్ట్‌బ్లెయిర్ తెలుగోడు:
జీతం ఇస్తే మావాళ్లు కాదనరు. కానీ తేలలేనివాణ్ణి గైడ్ వెనక్కి పంపితే డబ్బులు వాపసు ఇమ్మని గొడవ పెట్టుకునేది టూరిస్టే.

తీరవాసి:
అయితే ఆ షరతు టికెట్ మీదే రాయాలి. అలా రాస్తే నేను ఒప్పుకుంటాను.

కొత్త సభ్యురాలు:
డిసెంబర్‌లో అమ్మానాన్నలతో వెళ్తున్నాం. ఎవరికీ ఈత రాదు. సన్‌స్క్రీన్ రాసుకోవచ్చా?

పగడపు పిచ్చి:
గ్లాస్ బాటమ్ బోటు చాలమ్మా, ఎండ నిటారుగా పడేటప్పుడు అడుగు బాగా కనిపిస్తుంది. సన్‌స్క్రీన్ బదులు పొడుగు చేతుల చొక్కా, టోపీ. పగడాలకి చేటు చేస్తుందని ఆక్సీబెంజోన్ అనే రసాయనం ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని హవాయి 2021 నుంచి ఆపేసింది. ఒడ్డున విరిగిన పగడం ముక్కలు దొరుకుతాయి, పిల్లలు అడిగినా తేవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.