విజయనగరంలో మొదటి గేమింగ్ కంప్యూటర్: 55 వేలలో దేనికి ఎంత పెట్టాలి?

కోటవాకిలి (విజయనగరం) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఏడాదిన్నరగా జీతంలోంచి తీసి దాచిన 55 వేల రూపాయలతో మా తమ్ముడికీ నాకూ కలిపి ఒక గేమింగ్ కంప్యూటర్ తీసుకోవాలనుకుంటున్నాను. మానిటర్ కూడా ఆ డబ్బులోనే రావాలి. కీబోర్డు, మౌస్ పాతవి ఉన్నాయి. వాడు వాలరెంట్ ఆడతాడు, నాకు జీటీఏ 5 వంటి ఆటలు కావాలి.

ఊళ్లో ఒక దుకాణంలో అడిగితే ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, రంగుల లైట్లున్న క్యాబినెట్, మానిటర్ అన్నీ కలిపి 34 వేలకే ఇస్తామన్నారు. చీటీ మీద ఐ7-2600, హెచ్61 మదర్‌బోర్డు, జీటీ 730 అని రాశారు. ఇంటర్నెట్‌లో చూస్తే ఐ3 వేసిన కంప్యూటర్‌కే యాభై వేలు దాటుతోంది. ఐ7 కంటే ఐ3కి ధర ఎందుకు ఎక్కువో నాకు బోధపడలేదు. 21 వేలు మిగులుతుంటే ఇంకా ఆలోచన దేనికని అమ్మ అంటోంది. రేపు అడ్వాన్సు ఇవ్వాలి. మా వీధిలో గాలివాన వస్తే కరెంటు పోయి వస్తూ ఉంటుంది, దానికేం చేయాలో కూడా దయచేసి చెప్పగలరు.

నాగావళి (శ్రీకాకుళం) సమాధానం:

ముందుగా, రేపు అడ్వాన్సు ఇవ్వకండి. ఐ7 అన్న అక్షరం కంటే దాని తరువాత వచ్చే అంకె ముఖ్యం. 2600లో మొదటి 2 అంటే రెండో తరం, అంటే 2011లో వచ్చిన ప్రాసెసర్. మీరు ఇంటర్నెట్‌లో చూసిన ఐ3 బహుశా 12100ఎఫ్ అయి ఉంటుంది. అది పన్నెండో తరం. రెండింటికీ నాలుగే కోర్లు (లెక్కలు చేసే భాగాలు), ఎనిమిదే థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు). అయినా ఒక్కొక్క కోరు చేసే పనిలో పదేళ్ల తేడా ఉంది. పైగా ఈనాటి ఆటల్లో కొన్నింటికి కావలసిన ఏవీఎక్స్2 అనే సదుపాయం 2600లో లేనే లేదు, కాబట్టి కొన్ని ఆటలు నెమ్మదిగా నడవడం కాదు, అసలు తెరుచుకోవు.

ఇక విండోస్ సంగతి. ఇంటెల్‌లో ఎనిమిదో తరం మొదలుకొనే విండోస్ 11కి అధికారికంగా అనుమతి ఉంది. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 మీద వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సదుపాయాలు రెండూ ఉండాలి. ఆ హెచ్61 బోర్డుతో మీ తమ్ముడు అడ్డదారి వెతకవలసిందే. జీటీ 730 కూడా 2014 నాటి కార్డు. 4 జీబీ అని గొప్పగా చెబుతారు గానీ, గోదాము ఎంత పెద్దదైనా బస్తాలు వచ్చే గుమ్మం ఇరుకైతే ఏం లాభం?

మీ డబ్బులో పెద్ద వాటా, సుమారు మూడో వంతు, గ్రాఫిక్స్ కార్డుకు పెట్టండి. 1080పీ (1920×1080 చుక్కల తెర) మానిటర్‌కు ఆర్‌ఎక్స్ 6600 వంటి 8 జీబీ కార్డు సరిపోతుంది. దానికి తోడు ఐ3-12100ఎఫ్ గానీ రైజెన్ 5 5600 గానీ వేసుకోవచ్చు. 5600కి ఆరు కోర్లు, డబ్బాతో కొంటే కూలరు (దాన్ని చల్లబరిచే ఫ్యాను) కూడా వస్తుంది. డబ్బా లేకుండా విడిగా ఇచ్చే ట్రే రకం అంటగడితే వద్దనండి. ర్యామ్ ధరలు 2025 చివరి నుంచి విపరీతంగా పెరిగాయి, అందుకే మీరు చూసిన పాత వీడియోల్లోని లెక్కలు ఇప్పుడు కుదరవు. లైట్లున్న క్యాబినెట్ జోలికి పోకండి.

చంపావతి (నెల్లిమర్ల) సమాధానం:

నాగావళి గారు చెప్పినదంతా నిజమే కానీ, ఇప్పటి ర్యామ్ ధరతో, మానిటర్‌తో సహా 55 వేలలో అదంతా పట్టడం కష్టం. నేనైతే ఇప్పటికి రైజెన్ 5 5600జీ తీసుకుంటాను. అందులోనే గ్రాఫిక్స్ ఉంటుంది కనుక వాలరెంట్ హాయిగా నడుస్తుంది, కార్డు సంక్రాంతికో దసరాకో కొనుక్కోవచ్చు.

కరెంటు సంగతి నా అనుభవం మీద చెబుతాను. మొదటిసారి క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె)తోనే సరిపెట్టుకున్నాను. వేసవిలో ఒక సాయంత్రం ఈదురుగాలికి కరెంటు పోయి, రెండు నిమిషాలకు వచ్చి, మళ్లీ పోయింది. మూడోసారి వచ్చినప్పుడు టప్పుమని చప్పుడు, కాలిన వాసన. బోర్డు కూడా దాంతోనే పోయింది. మిగుల్చుకున్నది రెండు వేలు, పోగొట్టుకున్నది తొమ్మిది వేలు. మంచి కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే) ముద్ర ఉన్నది, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ తీసుకోండి. యూపీఎస్ కొనేటప్పుడు 600 వీఏ అంటే 600 వాట్లు అనుకోకండి, చాలావాటిలో అది 360 వాట్లే. ఆట ఆడేటప్పుడు కార్డుతో సహా 250 వాట్ల పైచిలుకు లాగుతుంది, కాబట్టి 1000 వీఏ మేలు. అన్నిటికంటే ముందు ఇంట్లో ఎర్తింగ్ చూపించుకోండి. క్యాబినెట్ రేకును తాకితే వేలు జివ్వుమందంటే ఎర్తింగ్ లేనట్టే.

నాగావళి:

ఎస్‌ఎంపీఎస్ విషయంలో మీ మాటే నా మాట. 5600జీ మీద మాత్రం ఒక్క అభ్యంతరం. దానికి ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 16 ఎంబీ, 5600కి 32. పైగా కార్డుకు పాత తరం పీసీఐఈ 3.0 దారి మాత్రమే ఇస్తుంది. రేపు కార్డు పెట్టినా 5600తో వచ్చినంత వేగం రాదు. ఆరు నెలల్లోపు కార్డు కొనే ఉద్దేశం ఉంటే ఆ ఆరు నెలలూ ఆగి 5600తోనే మొదలుపెట్టడం నయం. ఏడాది పైన పడుతుందంటే మీ దారే సరైనది.

వేగావతి (బొబ్బిలి) సమాధానం:

బిగించడం గురించి ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను. 5600 వంటి ఏఎం4 సాకెట్ ప్రాసెసర్లకు పిన్నులు ప్రాసెసర్ కిందనే ఉంటాయి. మూలన ఉన్న చిన్న బంగారు త్రికోణం సాకెట్ మీది త్రికోణంతో కలిసేలా పెడితే దానంతటదే దిగుతుంది, వేలితో నొక్కకూడదు. ర్యామ్ రెండు స్టిక్కులుగా ఉంటే, నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడాలి. బీ450 బోర్డు పాత సరుకైతే బయోస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) కొత్తది వేసి ఇమ్మని దుకాణంలోనే అడగండి, లేకపోతే 5600ని గుర్తించకపోవచ్చు.

మాది మొదటిసారి బిగించినప్పుడు ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. రెండు గంటలు విప్పి బిగించి, చివరికి చూస్తే హెచ్‌డీఎంఐ తీగను కార్డుకు బదులు బోర్డుకు పెట్టాను. ఎఫ్ రకం ఐ3లోనూ 5600లోనూ లోపల గ్రాఫిక్స్ ఉండదు, కాబట్టి బోర్డు నుంచి బొమ్మ రాదు. తెర వెలిగాక బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ఏర్పాటు) ఆన్ చేయడం, విండోస్‌లో మానిటర్ హెర్ట్జ్ (సెకనుకు తెర ఎన్నిసార్లు మారుతుందో) సరిచూడడం మరవకండి. మా పిన్నిగారబ్బాయి 144 హెర్ట్జ్ మానిటర్‌ను ఎనిమిది నెలలు 60 మీదే నడిపాడు.

కోటవాకిలి:

అందరికీ ధన్యవాదాలు. అడ్వాన్సు ఇవ్వలేదు. ఐ7 ఏ తరమని అడిగితే దుకాణంలో "తరాలతో మీకేం పని?" అన్నారు, అక్కడితో వచ్చేశాను. కార్డుకు తక్కువపడే డబ్బు మూడు నెలల్లో కూడుతుంది, అంతవరకు ఆగి 5600తోనే మొదలుపెడతాము. తమ్ముడు రెండు రోజులు మాట్లాడలేదు, ఇప్పుడు మామూలైపోయాడు. ఈలోగా ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. కంప్యూటర్ పెట్టాలనుకున్న గదిలో ప్లగ్గు విప్పి చూస్తే మూడో రంధ్రానికి అసలు తీగే లేదు.