బాయి తవ్వంగ రాయిల నత్తలు ఎల్లినయ్, ఇవి సముద్రపు నత్తలేనా? ఎట్ల రాసి పెట్టాలె?

పెన్‌గంగ పోరడు:
అందరికీ నమస్తే. మాది నాందేడ్ జిల్లా కిన్వట్ తాలూకా, మహారాష్ట్రల ఉన్నా ఇంట్ల అంత తెలుగే. బీఎస్సీ సెకండియర్, కెమిస్ట్రీ, జియాలజీ నాకు రాదు. మొన్న ఎండకాలం మా మేనమామ చేన్ల బాయి తవ్విచ్చిండు. పైన రేగడి, దాని కింద నల్లరాయి, 27 ఫీట్ల కాడ ఆ నల్లరాయి ఆగి రెండు జానల మందం తెల్లటి పొర వచ్చింది, సగం సుద్ద లెక్క సగం చెకుముకి రాయి లెక్క ఉంది, మల్ల దాని కింద నల్లరాయే. ఆ తెల్ల పొర ముక్కలు గడ్డ మీద పారేసిండ్రు, నేను పోయి చూస్తే దాని నిండ నత్తలే. బొటనవేలంత ఉన్నయ్, నున్నగ ఉన్నయ్, కొన్ని పగిలిన కాడ లోపల గాజు లెక్క మెరుస్తున్నయ్. 19 ముక్కలు ఇంటికి తెచ్చిన. ఇంకా గసగసాల కంటే కొంచెం పెద్ద గింజలు కూడా ఉన్నయ్, లెన్సుల చూస్తే ఒక్కో గింజకు తాడు చుట్టినట్టు గీతలు.

మా బడి సార్ అప్పట్ల ఇక్కడ సముద్రం ఉండే, ఇవి సముద్రపు నత్తలు అన్నడు. మా నానమ్మేమో సాలగ్రామం అని ఒకటి తీస్కపోయి తులసికోట కాడ పెట్టింది. నాకు వీటిని పద్ధతిగ రాసి పెట్టాలని ఉంది, ఏ జాతి ఏంది అని, పేరు లేని కొత్తదైతే ఏం చేస్తరు? ఒకటి చూసిన, చానవాటికి నోరు ఎడమ దిక్కు ఉంది, మూడింటికి కుడి దిక్కు. దీనికేమన్న అర్థం ఉందా?

రాళ్ళపిచ్చి:
తమ్మీ మాది రాజురా, నీకు దగ్గరనే. జియాలజీ చదివి ఇప్పుడు వేరే దిక్కు పనిచేస్తున్న కానీ ఈ నత్తలంటే నాకు ప్రాణం. నువ్వు ఆఖర్ల అడిగిన ముచ్చటనే అన్నిటికంటే పెద్ద ముచ్చట.

ముందుగాల నత్తను ఎట్ల పట్టుకోవాలంటే మొన పైకి, నోరు నీ దిక్కు. అట్ల పట్టినప్పుడు నోరు నీ కుడి చేతి దిక్కు వస్తే కుడి చుట్టు, ఎడమ చేతి దిక్కు వస్తే ఎడమ చుట్టు. లోకంల నత్తలన్నీ ఇంచుమించు కుడి చుట్టువే, ఎడమ చుట్టువి బాగ తక్కువ, అందులో సముద్రంల ఇంకా తక్కువ. మంచినీళ్ళల్ల మాత్రం ఫైసా అనే నత్తల కుటుంబం మొత్తానికి మొత్తం ఎడమ చుట్టే. అక్వేరియంల అద్దానికి అంటుకొని తిరుగుతయ్ చూడు చిన్న నత్తలు, వాటిల్ల ఎడమ నోరువి చానవరకు ఫైసాలే. నీ దగ్గరివి నున్నగ, ఉబ్బినట్టు, మొన పొట్టిగ, ఆఖరి చుట్టే పెద్దగ, నోరు ఎడమకు ఉంటే నాకైతే ఫైసా ప్రిన్సెపి అనిపిస్తుంది. ఇప్పటి ఫైసాల కంటే ఇది పెద్ద ప్రాణి.

ఇంకో మాట వింటే నీకు ఖుషీ అయితది. మాల్కమ్సన్ అని మద్రాసు సర్కారు డాక్టరు ఒకాయన 1830లల్ల నిర్మల్ గుట్టల పొంటి తిరిగి ఈ నత్తలు ఏరిండు, వాటికి సోవర్బీ అనే గవ్వల శాస్త్రవేత్త 1840ల పేరు పెట్టిండు, బ్రాహ్మీ లిపి చదివిన జేమ్స్ ప్రిన్సెప్ పేరు మీద. ఆ నిర్మల్ గుట్టల వరుసనే మీ కిన్వట్ దిక్కు సాగి ఉంది, నీ మామ బాయి పుస్తకాల్లకెక్కిన జాగకు పక్కనే అన్నట్టు.

నల్లరాయి అంటే లావా, దక్కన్ ట్రాప్ అంటరు, 6.6 కోట్ల ఏండ్ల కింద పారింది. ఒకపాలి లావా పారి సల్లారినంక దాని మీద చెరువులు కుంటలు పడ్డయ్, నత్తలు పుట్టినయ్, పెరిగినయ్, మల్ల లావా వచ్చి కప్పేసింది. నీ తెల్ల పొర ఆ నడిమిట్ల చెరువు అడుగు. ఆ గసగసాలు కారా అనే నాచుమొక్క కాయలు అయ్యుంటయ్, అది చెరువుల్ల కుంటల్ల పెరిగే మొక్క. చెరువు అనేటందుకు నాకు నత్త కంటే ఆ గింజలే పెద్ద సాక్ష్యం, వాటిని పారెయ్యకు.

కానీ ఆ మూడు కుడివి అన్నవు కదా, అవి రాయి మీదికి ఉబికి వచ్చినయా, లేక గుంతలా? గుంతైతే అది అచ్చు, అద్దంల చూసినట్టు తిరగబడుతది, ఎడమది కుడిగ కనిపిస్తది. ఇక్కడ మోసపోయినోళ్ళు చానమంది, నేను కూడా ఫస్టియర్ల మోసపోయిన. గోధుమపిండి ముద్ద గట్టిగ కలిపి, గుంతకు కొంచెం నూనె రాసి, ఒత్తి తీసి అప్పుడు చూడు. ఫోన్ల సెల్ఫీ కెమెరాతోని కూడా ఫొటో తియ్యకు, కొన్ని ఫోన్లల అది కూడా తిప్పుతది.

గోపాల్‌పూర్ అక్క:
బాబూ మాది బరంపురం, గంజాం జిల్లా. నాకు రాళ్ళ సంగతి తెలీదు గానీ గవ్వలు శంఖాలు పాతికేళ్ళ నుంచి ఏరుతున్నాను గోపాల్‌పూర్ ఒడ్డున. పైన రాసిన బాబు చెప్పిన కుడి ఎడమ దగ్గర ఒక తిరకాసు ఉంది, అది చెప్పకపోతే మన తెలుగువాళ్ళందరం పప్పులో కాలేస్తాం. మనం దక్షిణావర్త శంఖం అని పూజలో పెట్టుకుంటామే, చాలా అరుదు, వేలకు వేలు చెప్తారు, దాన్ని మన పెద్దలు మొన కిందికి, తోక పైకి పట్టుకుని చూసి కుడివైపు అన్నారు. నత్తల శాస్త్రం వాళ్ళు మొన పైకి పట్టుకుంటారు కదా, అలా చూస్తే ఆ దక్షిణావర్త శంఖమే ఎడమ చుట్టు అవుతుంది, మామూలుగా ఊదే శంఖం కుడి చుట్టు అవుతుంది. రెండూ తప్పు కాదు, పట్టుకోడంలో తేడా అంతే. అందుకని నువ్వు రాసేటప్పుడు ఉత్తినే కుడి, ఎడమ అని రాసి ఊరుకోకు, మొన పైకి పట్టి చూశాను అని ఒక ముక్క రాయి, లేకపోతే చదివినవాళ్ళు తలకిందులుగా అర్థం చేసుకుంటారు.

సాలగ్రామం అన్నారు కదా మీ నానమ్మగారు, అది నేపాల్లో గండకి నదిలో దొరికేది, అందులో ఉండేది నత్త కాదు, అమ్మోనైట్, ఆక్టోపస్‌కి చుట్టం. అది ఒకే బల్లపరుపుగా, పడుకోబెట్టిన జిలేబీలాగ చుట్టుకుంటుంది, కోస్తే లోపల గదులు గదులుగా అడ్డుగోడలు ఉంటాయి. నత్త లోపల ఒక్కటే గొట్టం, అడ్డుగోడలు ఉండవు, చుట్టు కిందికి దిగుతూ వస్తుంది. ఆవిడని బాధపెట్టకు గానీ నీ రాతల్లో మాత్రం వేరుగా రాయి.

పెన్‌గంగ పోరడు:
అన్నా అక్కా ఇద్దరికీ శనార్తులు. రాత్రి 11 దాక అదే పని చేసిన. మూడు కుడివాటిల్ల రెండు గుంతలే అన్నా! పిండి ముద్ద ఒత్తి తీస్తే రెండూ ఎడమకు తిరిగినయ్, మా చెల్లె పక్కన కూసొని చూసి అరిచింది. మూడోది మాత్రం ఉబికినదే, నిజంగనే కుడి, ఇంకా సన్నగ పొడుగ్గ ఉంది, మొన సూది లెక్క. ఇది వేరేదా?

గోదారిగట్టు మాస్టారు:
బాబూ, ఆ సన్నటి కుడిది లిమ్నియా అయ్యుండొచ్చండి, మీ పొరల్లో ఫైసాతో పాటు అదీ కనిపిస్తుంది, అదీ మంచినీటి నత్తే. ఒక్కటే ముక్క ఉంది కాబట్టి గట్టిగా పేరు పెట్టేయకండి.

నేను దేవరపల్లి దగ్గరివాణ్ణి. మీకు సముద్రపు నత్తల రాయి ఎలా ఉంటుందో చెప్తే పోల్చుకోడానికి వీలుగా ఉంటుంది. మా పక్కనే దుద్దుకూరులో నల్లరాయి కింద సున్నపురాయి పొర ఒకటి ఉందండి, అందులో టర్రిటెల్లా అనే నత్తలు గుత్తులు గుత్తులుగా ఉంటాయి. పొడుగ్గా మర మేకులాగ, ఒక్కో చుట్టు మీద నిలువునా కాకుండా చుట్టూ తిరిగే గట్లు వరసగా, వేలితో తడిమితేనే తెలుస్తాయి. ఇవి ఇప్పటికీ బంగాళాఖాతంలో బతికే ఉన్నాయి, ఆ అక్కగారు ఒడ్డున ఏరే ఉంటారు. విచిత్రమేంటంటే మా నల్లరాయీ మీ నల్లరాయీ ఒకే కాలం లావా, అక్కడెక్కడో పడమటినుంచి 1000 కిలోమీటర్లకి పైగా పారి మా దాకా వచ్చిందని జియాలజిస్టులు అంటారు. మీ దగ్గర దాని మధ్య చెరువు, మా దగ్గర సముద్రపు అంచు. నాగపూర్లో ఉన్న స్టీఫెన్ హిస్లాప్ పాదిరీగారు 1860లో రాసిన వ్యాసంలో మీ వైపు మంచినీటి నత్తలూ మా రాజమండ్రి వైపు నత్తలూ రెండూ వర్ణించారు.

ఇక సముద్రమా చెరువా అనేదానికి ఒక్క ఆకారమే చూసి తేల్చకూడదండి. నోటి అడుగున శంఖానికి ఉన్నట్టు గాడి సాగి ఉంటే సముద్రానిది అనడానికి మంచి ఆధారమే, కానీ గాడి లేనంత మాత్రాన చెరువుది అయిపోదు, టర్రిటెల్లాకే గాడి లేదు. అమెరికాలో వయోమింగ్ నుంచి వచ్చే ఒక రాయిని టర్రిటెల్లా అగేట్ అని ఉంగరాల్లో పెట్టి అమ్ముతారు, తీరా చూస్తే అందులో ఉన్నది ఎలిమియా అనే మంచినీటి నత్త, పొడుగు చూసి పేరు పెట్టేశారు, ఆ తప్పు పేరే ఇప్పటికీ నడుస్తోంది. పక్కన ఏమేం దొరికాయో చూడాలి. ఆలిచిప్పలు, పగడాలు ఉంటే ఒక లెక్క, కారా కాయలు ఉంటే ఇంకో లెక్క.

వార్ధా కాలువ:
అందరూ చెరువు చెరువు అంటున్నరు, నేను ఒక మాట అడ్డం వేస్త. ఛింద్వాడా జిల్లా ఝిల్మిలిలో ఇట్లాంటి లావా నడిమి పొరనే అందరూ మంచినీళ్ళది అనుకున్నరు, 2009ల గెర్టా కెల్లర్ వాళ్ళు దాంట్ల సముద్రంల తేలే ఫొరామినిఫెరాలు, అంటే సూక్ష్మజీవుల గుల్లలు దొరికినయ్ అని రాసిండ్రు. అది సముద్రానికి ఎంత దూరం లోపట ఉందో మ్యాపు తెరిచి చూడండ్రి. కాబట్టి తమ్ముడి సార్ సముద్రం అన్నడంటే అది తీసిపారేసే మాట కాదు.

రాళ్ళపిచ్చి:
నిజమే అన్నా, ఝిల్మిలి ముచ్చట నాకు యాదికి రాలే, సముద్రం పాయ ఒకటి లోపటికి వచ్చిందనే వాళ్ళ వాదన. అయితే అది ఝిల్మిలి పొరకు, ఈ బాయి పొరకు ఈ బాయినే సాక్ష్యం చెప్పాలె. తమ్మీ, సుద్ద మెత్తగున్న కాడ రెండు పిడికిళ్ళు తీసి ఒక పెద్ద డబ్బాల నీళ్ళల్ల రెండు మూడు రోజులు నానబెట్టు, చాయ్ జల్లెడ కంటే సన్న జల్లెడల కడిగి మిగిలింది ఎండబెట్టి దాచు. ఫొరాములు లెన్సుకు అందవు, మైక్రోస్కోపు ఉన్న కాలేజీల చూపియ్యాలె. నత్తలను మాత్రం కడిగేటప్పుడు బాత్రూం యాసిడ్ జోలికి పోకు, కొన్ని చెకుముకి రాయి గుణానికి మారినయ్ కానీ కొన్ని ఇంకా సున్నమే ఉంటయ్, కరిగిపోతయ్.

పేరు ముచ్చట కూడా చెప్త. కొత్త జాతి అనాలంటే ఒక ముక్కను హోలోటైప్, అంటే ఆ పేరుకు ఆధారమైన నమూనా, అని పెట్టి, మ్యూజియంల అప్పజెప్పి, పాత పేర్లన్నిటితోని పోల్చి, అచ్చు వేయించాలె. అది ఇప్పుడు నీ పని కాదు. నువ్వు రాసుడు మాత్రం ఇయ్యాల్నే మొదలుపెట్టు. తెలిసినదానికి దగ్గరగ ఉంది కానీ ఖాయం చెప్పలేను అంటే ప్రిన్సెపికి ముందు సీఎఫ్ అని పెడతరు, పూర్తిగ తెల్వకపోతే ప్రజాతి పేరు, అంటే ఫైసా లెక్క మొదటి పేరు, రాసి ఎస్పీ అని ఆపుతరు. అట్ల ఆపితే తక్కువతనం ఏం లేదు, పెద్ద పెద్దోళ్ళు కూడా అట్లనే ఆపుతరు. ఈమధ్య దీన్ని ఫైసా నుంచి ప్లాటీఫైసాల కలిపిండ్రు, ప్రజాతి పేరు మారింది కాబట్టి ప్లాటీఫైసా ప్రిన్సెపి అని రాసినప్పుడు సోవర్బీ పేరు, 1840, రెండూ బ్రాకెట్ల పోతయ్, ఫైసా అనే రాస్తే బ్రాకెట్ ఉండదు. చిన్న బ్రాకెట్టే కానీ చూసినోళ్ళకు దాని కథంతా తెలుస్తది.

పెన్‌గంగ పోరడు:
వారం పట్టింది అన్నా, మా దోస్తు దగ్గర వెర్నియర్ తెచ్చి కొలిచిన. ఒక్కదాని గురించి రాసింది పెడుతున్న, తప్పులుంటే చెప్పుండ్రి.

“నంబరు 4. మామ బాయి, నేల నుంచి 27 ఫీట్లు, రెండు నల్లరాళ్ళ నడిమి తెల్ల పొర, పొర పై భాగమా కింది భాగమా తెల్వదు, గడ్డ మీద ఏరింది. మొన పైకి, నోరు మన దిక్కు పట్టి చూస్తే నోరు ఎడమకు. ఎత్తు 31 మిల్లీమీటర్లు, వెడల్పు 19, నోరు ఎత్తు 22. చుట్లు నాలుగున్నర, మొన కొస విరిగింది కాబట్టి ఇంకో సగం ఉండొచ్చు. ఆఖరి చుట్టు ఉబ్బి ఉంది. నోరు పైన సన్నగ కింద గుండ్రంగ, చింతగింజ కాదు బాదంగింజ ఆకారం. నోటి అడుగున గాడి లేదు. చుట్టుకు చుట్టుకు నడిమి అతుకు గీత లోతు తక్కువ. పైన గట్లు ముండ్లు ఏం లేవు, ఏటవాలు వెలుగుల నిలువు సన్నగీతలు కనిపిస్తయ్, పెరిగిన గీతలు అనుకుంటున్న. చాకుతోని గీస్తే గీత పడలే. ఫైసా, సీఎఫ్, ప్రిన్సెపి.”

రాళ్ళపిచ్చి:
తమ్మీ కడుపు నిండింది. గడ్డ మీద ఏరింది, పై భాగమా కింది భాగమా తెల్వదు అని రాసినవ్ చూడు, అది చానమంది దాస్తరు. ఒక్కటి సరిచెయ్యి, బాదంగింజ అన్నవు మంచిదే కానీ నోరు వెడల్పు కూడా కొలిచి రాయి. ఇంకా 19 ముక్కల కొలతలు ఒకే పట్టికల పెట్టు, పిల్ల నత్త సన్నగ ఉండి పెద్దయినంక ఉబ్బితే రెండు జాతులు అనుకునే ప్రమాదం ఉంది, ఎత్తు పెరిగినకొద్ది వెడల్పు ఎట్ల మారుతుందో పట్టికల తెలుస్తది. నాగపూర్ పోయే పని ఉంటే చెప్పు, సెమినరీ హిల్స్‌ల జీఎస్ఐ, అంటే జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, ఆఫీసు ఉంది, పోయి చూపిద్దాం.

గోదారిగట్టు మాస్టారు:
ఫొటో తీసేటప్పుడు వెలుగు ఎడమవైపు పైనుంచి పడేలా పెట్టండి బాబూ, శిలాజాల ఫొటోలకి అదే ఆనవాయితీ. అన్నీ అలాగే తీస్తే గుంత ఏదో గుబ్బ ఏదో చూసేవాళ్ళకి తికమక ఉండదు. పక్కన స్కేలు మర్చిపోకండి.

పెన్‌గంగ పోరడు:
సరే సార్. పట్టికల 18 ఎక్కినయ్. 19వది నానమ్మ తులసికోట కాడిది, అది ఇయ్యనంది, కానీ పొద్దున దీపం పెట్టినంక అక్కడనే కూసొని కొల్చుకో అన్నది. 34 మిల్లీమీటర్లు, ఎడమనే, అన్నిటికంటే పెద్దది అదే.