అప్‌డేట్: బ్లీకర్ స్ట్రీట్ దేవదూతలు కనిపించారు

న్యూయార్క్ బ్లీకర్ స్ట్రీట్‌లో 65వ నంబరు భవనం మీది దేవదూతల శిల్పాలు ఎందుకు కనబడట్లేదని ఇంతకుముందు పోస్టులో అడిగాను కదా, తేలింది. లూయిస్ సల్లివన్ డిజైన్ చేసిన బేయార్డ్-కాండిక్ట్ భవనం అది, 1899 నాటిది. ఆరుగురూ చూరు కిందే, రెక్కలు బార్లా చాపి ఉన్నారు. గుమ్మం దగ్గర్నుంచి తలెత్తితే రెక్కలు ముడుచుకుపోయినట్టుంటాయి. ఎదురుగా ఉన్న క్రాస్బీ స్ట్రీట్‌లోకి కనీసం భవనం ఎత్తంత దూరం వెనక్కి నడవాలి. 8 రెట్ల బైనాక్యులర్ చాలు.

ముఖభాగం దక్షిణానికి ఉంది కాబట్టి వేసవి మధ్యాహ్నం చూరు నీడ వాళ్ల మీదే పడుతుంది. చలికాలం ఎండ ఏటవాలుగా తగిలితే ఈకల గీతలు చక్కగా తేలతాయి, అప్పుడే చూడాలి!

ఒక సవరణ: ఆ పోస్టులో వాటిని రాతి శిల్పాలని రాశాను. కాదు, అచ్చుల్లో చేసి కాల్చిన మట్టి, అంటే టెర్రకోట. చెప్పినవాళ్లకి థ్యాంక్సండీ.