ఏజెంట్ కోడ్ రాస్తుంటే మన ధ్యాస ఎటో పోతోంది, ఏం చేయాలి?

రాయదుర్గం_బ్యాకెండ్:
క్లాడ్ కోడ్‌కి (మన బదులు కోడ్ రాసే ఏఐ ఏజెంట్) పని అప్పగించాక మూడు నాలుగు నిమిషాలు ఖాళీ. చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. తిరిగి చూస్తే పది ఫైళ్లు మారి ఉంటాయి, మనం అడిగిందేమిటో గుర్తుండదు. రెండో ఏజెంట్ తెరిస్తే ఇంకా గందరగోళం. ప్రాజెక్టు జావాది: స్ప్రింగ్ బూట్ ఫ్రేమ్‌వర్క్, బిల్డ్‌కి మేవెన్. రాత్రి ఏడింటికి అమెరికా టీమ్‌తో కాల్. మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?

టెర్మినల్_భయ్యా:
ముందు గంట కట్టండి. క్లాడ్ కోడ్ సెట్టింగ్స్‌లో హుక్‌లుంటాయి, అంటే ఫలానాది జరగగానే నడిచే కమాండ్‌లు. వాటిలో స్టాప్, నోటిఫికేషన్ రెండింటికీ ఒక శబ్దం పెట్టండి. మొదటిది పని ముగిస్తే మోగుతుంది, రెండోది అనుమతి కోసం ఆగితే. చాలాసార్లు అది అరనిమిషానికే అనుమతి అడిగి మన కోసం కూర్చుని ఉంటుంది. టెస్టులు, గిట్ డిఫ్ (మారిన లైన్లు చూపేది) లాంటివాటికి ముందే అనుమతి ఇచ్చేయండి. పుష్, డిలీట్‌లకు మాత్రం అడగనివ్వండి. ఖాళీలో అదే పనికి టెస్ట్ కేసులు రాసుకోండి. వేరే టికెట్ తెరిచారో, అయిపోయినట్టే.

కూకట్‌పల్లి_కోడర్:
అసలు రోగం పని సైజు. షిఫ్ట్ ట్యాబ్‌తో ప్లాన్ మోడ్‌కి (కోడ్ ముట్టకుండా ప్లాన్ మాత్రమే ఇస్తుంది) వెళ్లి, ప్లాన్ చదివి, అక్కర్లేనివి కొట్టేశాకే రాయనివ్వండి. డిఫ్ రెండొందల లైన్లు దాటితే కళ్లు చదువుతాయి, బుర్ర చదవదు. గిట్ యాడ్‌ని ప్యాచ్ మోడ్‌లో వాడి మార్పులను ముక్కముక్కగా ఒప్పుకోండి. రెండుసార్లు తప్పు చేస్తే దానితో వాదన పెట్టుకోవద్దు. తప్పుడు ప్రయత్నాలన్నీ కాంటెక్స్ట్‌లోనే (అది చూస్తున్న సంభాషణ) ఉండి మళ్లీ అటే లాగుతాయి. ఎస్కేప్ కొట్టి, మార్పులు వెనక్కి తీసి, క్లియర్ కమాండ్‌తో ఆ సంభాషణ తుడిచి, ప్రాంప్ట్ కొత్తగా రాయండి.

మేవెన్_మామ:
రెండు ఏజెంట్లు తప్పదంటే గిట్ వర్క్‌ట్రీ వాడండి, ఒక్కో బ్రాంచికి ఒక్కో ఫోల్డర్. గిట్ పట్టించుకోని ఎన్విరాన్‌మెంట్ ఫైలు (పాస్‌వర్డ్‌లు, సెట్టింగ్‌లు ఉండేది) కొత్త ఫోల్డర్‌లోకి రాదు, కాపీ చేసుకోవాలి. రెండు యాప్‌లూ 8080 పోర్టు కోసం కొట్టుకుంటాయి, ఒకదానికి మార్చండి. అందరూ మరిచేది ఇంకోటి: లోకల్ మేవెన్ రిపాజిటరీ (మన మెషీన్‌లో జార్ ఫైళ్లు దాచే ఫోల్డర్) రెండింటికీ ఒక్కటే. ఇద్దరూ ఇన్‌స్టాల్ కొడితే ఒకరి స్నాప్‌షాట్ జార్ (ఇంకా తయారీలో ఉన్న వెర్షన్ ఫైలు) మీద ఇంకొకరిది పడుతుంది, టెస్టులు ఎందుకు ఫెయిలవుతున్నాయో అంతుబట్టదు. ఇన్‌స్టాల్‌కి ముందు దశైన వెరిఫై వరకే నడపమని, ఏజెంట్ మొదట చదివే క్లాడ్ డాట్ ఎండీ ఫైల్లో రాసిపెట్టండి.

నిదానం_గారు:
2025లో మీటర్ అనే పరిశోధన సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన డెవలపర్లతో, 246 పనులతో పరీక్ష పెట్టింది. ఏఐతో 20 శాతం వేగం పెరిగిందనుకున్నారు, గడియారం చూస్తే 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. టూల్స్ అప్పటివి, నిజమే. అయినా మన అంచనాను నమ్మకుండా గడియారం చూడటం మంచిది. విజువల్ స్టూడియో కోడ్‌లో టైప్ చేస్తుంటే ఏఐ చూపే బూడిదరంగు సలహాలు వాటంతటవే రాకుండా ఆపేయండి. కావాలనుకున్నప్పుడు ఆల్ట్, బ్యాక్‌స్లాష్ నొక్కితే వస్తాయి.

రాయదుర్గం_బ్యాకెండ్:
థ్యాంక్స్ అన్నా. పని సగంలో ఉండగా కాల్ టైమ్ అయితే?

కూకట్‌పల్లి_కోడర్:
ఆరు నలభై ఐదుకే కొత్త ప్రాంప్ట్ ఇవ్వడం ఆపండి. ఏం మారింది, ఏ టెస్ట్ ఫెయిలవుతోంది అన్నవి ఏజెంట్‌తోనే ఒక ఫైల్లో రాయించండి. తర్వాత ఏం చేయాలన్న లైను మాత్రం మీరే రాయండి.