బెంజమిన్ బానేకర్‌ను ఖగోళ శాస్త్రవేత్త అనవచ్చునా?

నక్షత్రకుడు:
అమెరికాలోని నల్లజాతి ఖగోళ శాస్త్రవేత్తల గురించి ఎవరు రాసినా బెంజమిన్ బానేకర్ (1731–1806) పేరుతోనే మొదలుపెడతారు. ఆయన మేరీలాండ్‌లో పొగాకు రైతు. 1792 నుంచి 1797 వరకు ఏటా వెలువడిన పంచాంగాలకు గ్రహగణితం, అంటే గ్రహాల స్థానాలు, గ్రహణకాలాల లెక్కలు, చేశారు. ఆయనంటే నాకు గౌరవమే. అయితే గ్రహగణితం వేరు, ఖగోళ శాస్త్రం వేరు. మన ఊరి సిద్ధాంతిగారు గ్రహణకాలం గణించి పెడితే ఆయనను శాస్త్రవేత్త అంటున్నామా? ఆకాశం గురించి అంతవరకు తెలియనిది తేల్చినవారితో ఈ చరిత్ర మొదలుపెట్టాలన్నది నా వాదన. అలాగైతే ముందు చెప్పవలసింది ఇరవయ్యో శతాబ్దపు నల్లజాతి శాస్త్రవేత్త జార్జ్ కారుథర్స్ గురించి. దూర అతినీలలోహిత కాంతిని మన వాతావరణం నేలకు చేరనివ్వదు కాబట్టి ఆయన తన పరికరాన్ని 1970లో రాకెట్టులో పైకి పంపి, నక్షత్రాల నడుమ హైడ్రోజన్ అణువులు ఉన్నాయని తొలిసారిగా రుజువు చేశారు.

వేగుచుక్క:
నక్షత్రకుడు గారూ, కారుథర్స్ విషయంలో పేచీ లేదు. మీ సిద్ధాంతిగారి పోలిక మాత్రం నాకు మింగుడుపడలేదు. సిద్ధాంతిగారికి గురువు ఉంటారు, పంచాంగ లెక్కలకు తరతరాల కరణ గ్రంథాలు ఉంటాయి. బానేకర్‌కు దాదాపు 57 ఏళ్ల వయసులో పొరుగున ఉన్న జార్జ్ ఎల్లికాట్ కొన్ని పుస్తకాలు, కొన్ని పరికరాలు, వాటిని పెట్టుకోవడానికి ఒక బల్ల అరువిచ్చారు, నేర్పేవారు లేరు. తొలిసారి గ్రహణం గణించినప్పుడు తప్పు దొర్లింది. ఆ తప్పు ఎక్కడ వచ్చిందో వెతుకుతూ పోయి, తాను ఆధారపడిన ఖగోళ గ్రంథకర్తలు ఫెర్గూసన్, లెడ్‌బెటర్‌ల పద్ధతులు ఒకదానితో ఒకటి పొసగడం లేదని పట్టుకుని, 1789లో ఎల్లికాట్‌కు ఉత్తరం రాశారు. రెండు ప్రమాణ గ్రంథాలను ఎదురెదురుగా పెట్టి నిలదీయడాన్ని శాస్త్రం అనకపోతే మరేమంటారు?

ఇంకొక మాట. బానేకర్ 1791లో తన పంచాంగం రాతప్రతిని అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి థామస్ జెఫర్సన్‌కు పంపి, నల్లవారి తెలివి తక్కువన్న అభిప్రాయాన్ని నేరుగా ఎదుర్కొన్నారు. జెఫర్సన్ మర్యాదగానే జవాబిచ్చినా, 1809 నాటికి మరొకరికి రాసిన ఉత్తరంలో ఆ లెక్కల్లో ఎల్లికాట్ చేయి ఉందేమోనని అనుమానించారు. ‘ఈయన నిజంగా శాస్త్రవేత్తేనా’ అన్న ప్రశ్న వెనుక అంత పాత కథ ఉంది.

గడియారం:
ఆ అనుమానానికి ఊతమిచ్చినవారిలో బానేకర్ అభిమానులూ ఉన్నారు. వాషింగ్టన్ నగరానికి రూపకల్పన చేసిన లాన్‌ఫాన్ ఆ పటం పట్టుకుని వెళ్లిపోతే బానేకర్ జ్ఞాపకం నుంచి తిరిగి గీశారన్న కథ నేటికీ తిరుగుతూనే ఉంది. లాన్‌ఫాన్‌ను తొలగించింది 1792లో. బానేకర్ 1791 వసంతంలోనే ఇంటికి వెళ్లిపోయారు. ఆయన చేసింది ఆ నగర ప్రాంతపు హద్దులు కొలిచిన, జార్జ్ బంధువు ఆండ్రూ ఎల్లికాట్ సర్వే బృందంతో కొద్ది నెలల పని: గుడారంలో ఖగోళ గడియారాన్ని చూసుకోవడం, నక్షత్రాల కదలికతో దాన్ని సరిచూడటం. చలిలో, అరవయ్యేళ్లకు దగ్గరపడిన మనిషికి అది చిన్న పనేమీ కాదు. కట్టుకథ ఒకటి బయటపడగానే దాని పక్కనున్న నిజాన్ని కూడా జనం నమ్మరు.

నక్షత్రకుడు:
బానేకర్ ఎల్లికాట్‌కు రాసిన ఉత్తరం సంగతి నాకు తెలియదు. సిద్ధాంతిగారి పోలికను వెనక్కి తీసుకుంటున్నాను. ఆ లెక్కలు ఆయన చేయలేదని నేను అనలేదు, జెఫర్సన్ పక్కన నన్ను నిలబెట్టకండి. అయినా నా పట్టు పూర్తిగా వదలను. 1972 ఏప్రిల్‌లో అపోలో 16 యాత్రికులు కారుథర్స్ కెమెరాను చంద్రుడి మీద, ల్యాండర్ నీడలో నిలబెట్టారు. అది భూమిని ఆవరించిన హైడ్రోజన్ పొరను ఫొటో తీసింది. ఫిల్ముతో యాత్రికులు తిరిగొచ్చారు, కెమెరా అక్కడే ఉండిపోయింది. అటువంటి పనికీ పంచాంగానికీ ఒకే పేరు పెడితే రెండింటిలో దేన్నీ సరిగ్గా చెప్పినట్టు కాదు. బానేకర్‌ను ‘తొలి గణకుడు’ అందాం, ఒప్పుకుంటారా?

వేగుచుక్క:
ఒప్పుకోను. బానేకర్ అంత్యక్రియల రోజున ఆయన ఇల్లు కాలిపోయినా గణితం రాసుకున్న పుస్తకం మిగిలింది. అరువు బల్లతో పాటు అది ముందే జార్జ్ ఎల్లికాట్ ఇంటికి చేరింది. ఆ పేజీల గురించి చదివి వచ్చి అప్పుడు పేరు పెట్టండి.