అమ్మమ్మ లేసు నోటుపుస్తకం స్కాన్ చేసి పెడుతున్నా, అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి

లేసుపిచ్చి:
అందరికీ నమస్తే. దసరాకి నరసాపురం వెళ్ళినప్పుడు మా అమ్మమ్మ ట్రంకు పెట్టెలో ఒక నోటుపుస్తకం దొరికింది. 140 పేజీలు. పేజీకో లేసు ముక్క దారంతో కుట్టేసి, పక్కన ఎన్ని గొలుసులు, ఎన్ని వరసలు, ఏ నంబరు దారం అన్నీ రాసి ఉన్నాయి. చివర్లో వారపత్రికల్లో వచ్చిన స్వెట్టర్లు, పసిపిల్లల టోపీల కత్తిరింపులు అంటించి ఉన్నాయి. మొత్తం స్కాన్ చేశాను, ఉచితంగా పీడీఎఫ్ పెడదామని. మచ్చుకి 63వ పేజీ ఫొటో పెడుతున్నా: చక్రం డిజైను, పక్కన "చెరువుగట్టు ఇంటి కోడలు, 6 పువ్వులు" అని అమ్మమ్మ రాత.

అల్లేవాళ్ళకి ఒక మాట. ఈ క్రోషే విద్య, అంటే కొక్కెం సూదితో లేసు అల్లడం, మనకి తెల్ల మిషనరీల దగ్గర నుంచి వచ్చింది కాబట్టి ఇందులో కుట్ల పేర్లు బ్రిటిష్ పద్ధతివి. ఇక్కడ డబుల్ అంటే అమెరికా వీడియోల్లో సింగిల్, ఇక్కడ ట్రెబుల్ అంటే వాళ్ళ డబుల్. అది తెలియక నేను ఒక టేబుల్ మ్యాట్ రెండుసార్లు విప్పాను. పాత స్వెట్టరు సూదులూ అంతే, నంబరు పెరిగితే సూది సన్నం. 14 అంటే 2 మిల్లీమీటర్లు, 8 అంటే 4.

ఊలుఉండ:
లింకు ఎక్కడండీ?

చిక్కుముడి:
కాస్త ఆగండి. ఆ పత్రిక కత్తిరింపులు ఏ సంవత్సరానివి? మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళు, పేరు లేకుండా అచ్చయితే అచ్చయిన దగ్గర నుంచి 60 ఏళ్ళు కాపీరైటు. అంటే పేరు లేని 1971 కత్తిరింపు 2031 డిసెంబరు ఆఖరు దాకా మీరు పెట్టకూడదు. 1963 నాటిదైతే పెట్టుకోండి. చేతిరాత పేజీల సంగతి ఇంకా తమాషా. ఎక్కడా అచ్చు కాని రాత అయితే, రాసినవాళ్ళు పోయాక మొదటిసారి ప్రచురించిన దగ్గర నుంచే ఆ 60 ఏళ్ళ లెక్క మొదలవుతుంది. హక్కు వారసులది. మీ మామయ్యల్ని, పిన్నుల్ని అడిగారా?

లేసుపిచ్చి:
మా మామయ్యకి క్రోషే సూదికీ దబ్బనానికీ తేడా తెలియదండీ, ఆయన్నేం అడగను?

చిక్కుముడి:
తేడా తెలియకపోయినా వారసుడు వారసుడే.

గోదారిగట్టు:
పెట్టకండి.

లేసుపిచ్చి:
కారణం చెప్తే బాగుంటుంది కదండీ.

గోదారిగట్టు:
ఇవాళ మీరు ఉచితంగా పెడతారు. రేపు ఎవడో అదే అల్లించి ఆన్‌లైన్‌లో "వింటేజ్ హ్యాండ్‌మేడ్" అని అమ్ముకుంటాడు. మెషిన్ లేసు వచ్చాక మా వైపు సగం ఇళ్ళలో సూది అటకెక్కింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని ఎంత సంబరపడ్డాం! మీరేమో ఉన్న డిజైన్లన్నీ ఊరి మీదికి వదిలేస్తానంటున్నారు.

చిక్కుముడి:
రెండు తప్పులు. భౌగోళిక గుర్తింపు కాపాడేది పేరుని, డిజైనుని కాదు. బ్రెజిల్‌లో ఎవరో ఒకావిడ అదే చక్రం అల్లుకోవచ్చు, మన దేశంలో నరసాపురం లేసు అని చెప్పి అమ్మకూడదు, అంతే. రెండు, బజారు సరుకు కోసం అసలైన క్రోషే అల్లే మెషిన్ ఇంకా రాలేదు, ప్రయోగాల్లోనే ఉంది. బజార్లో దొరికేది క్రోషేలా కనిపించే వేరే అల్లిక. కాబట్టి మెషిన్‌వాడికి ఈ పీడీఎఫ్ ఎందుకూ పనికిరాదు.

గోదారిగట్టు:
కొనేవాళ్ళకి ఆ తేడా తెలుసా? మీటరుకి ఇంత అని కోసిచ్చే లేసు పక్కన మా చేతిపని పెడితే "ఇదెందుకంత రేటు" అంటారు. మీరు న్యూజెర్సీలో కూర్చుని మెషిన్ లేదంటే మా కడుపు నిండదు.

మగ్గంమాస్టర్:
కాపీ ఆపడం ఎవరి వల్లా కాదు మేడమ్. మా పనిలో డిజైను బటర్ పేపరు మీద గీసి, గీత వెంబడి సూదితో చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన పౌడరు గుడ్డతో రుద్దితే బ్లౌజు పీస్ మీద దిగిపోతుంది. పొద్దున నేను పొడిచిన పేపరు సాయంత్రానికి పక్క షాపులో ఉంటుంది. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడే పట్టుకెళ్తాడు. తిట్టుకుంటాను, మళ్ళీ కొత్తది గీస్తాను. డిజైను తెలిసినంత మాత్రాన చెయ్యి తిరగదు కదా.

ఊలుఉండ:
స్వెట్టరు పేజీలు మాత్రం ముందు పెట్టేయకూడదూ? చలికాలం వచ్చేస్తోంది.

చిక్కుముడి:
ఆ పేజీలే కదా అసలు పెట్టకూడనివి! ఇప్పటిదాకా నేను చెప్పిందేమిటి?

లేసుపిచ్చి:
గోదారిగట్టు గారూ, నా బాధ కూడా వినండి. మా అమ్మమ్మ పోయాక ఇలాంటివే ఇంకో రెండు పుస్తకాలు చెదలు పట్టి పారేశారట. ఇది కూడా ఇంకో పదేళ్ళుంటే పొడి అయిపోతుంది. నేను రూపాయి అడగడం లేదు. డిట్రాయిట్‌లోనో దుబాయ్‌లోనో ఎవరో ఒకమ్మాయి ఇది చూసి అల్లితే మన పని బతుకుతుంది కదా. దాచుకుని ఏం సాధిస్తాం?

గోదారిగట్టు:
"మన పని" అంటున్నారు. ఒకటి అడగనా? మీ అమ్మమ్మ గారు లేసు అల్లేవారా?

లేసుపిచ్చి:
అదేం ప్రశ్నండీ. వచ్చు ఆవిడకి. పుస్తకమంతా ఆవిడ రాతే.

గోదారిగట్టు:
రాత సంగతి కాదు నేనడిగింది. 140 పేజీలకి 140 ముక్కలు ఒక్క మనిషి అల్లినవి కావు, ఫొటో చూస్తేనే తెలుస్తోంది. మా వైపు చేతిపని చేసేవాళ్ళు వేరు, అతుకుపని చేసేవాళ్ళు వేరు, కాజాకుట్టు వేసేవాళ్ళు వేరు. పువ్వు అల్లినావిడ పూర్తయిన టేబుల్ క్లాత్ జన్మలో చూడదు. అన్ని పువ్వులూ ఒక్కచోటికి చేరేది ఎవరింటికి? మీ తాతగారు ఏం చేసేవారు?

లేసుపిచ్చి:
లేసు వ్యాపారమే. దాచాల్సిందేముంది? చిన్న వ్యాపారం, పెద్ద ఎక్స్‌పోర్టర్లు కారు. మీ మాట తీరు నాకు నచ్చలేదు. ఉచితంగా ఇస్తానంటే దొంగని చేసి మాట్లాడుతున్నారు.

గోదారిగట్టు:
దొంగ అనలేదు. మా అమ్మ సంగతి చెప్తాను, ఆ తర్వాత మీ ఇష్టం. మా ఇంటికి ఏజెంటు దారం తెచ్చిచ్చేవాడు. ఇన్ని కండెలకి ఇన్ని పువ్వులు రావాలని లెక్క. ఒకటి తగ్గితే దారం దొంగిలించావనేవాడు. వంట అయ్యాక కూర్చుంటే కిరోసిన్ దీపం దగ్గర రాత్రి దాకా అల్లేది. ఓసారి సొంతంగా ఒక కొత్త పువ్వు అల్లి చూపించింది. ఏజెంటు "బాగుంది, శాంపిలు ఇవ్వు, పైవాళ్ళకి చూపిస్తా" అని పట్టుకెళ్ళాడు. శాంపిలుకి డబ్బులివ్వరు. ఆరు నెలలకి అదే పువ్వు ఊరంతా అల్లుతున్నారు, మా అమ్మకీ అదే రేటు. ఎవరడిగినా "ఖాళీగా ఉన్నప్పుడు ఏదో అల్లుకుంటుంది" అనేవాడు మా నాన్న కూడా. మారియా మీస్ అని ఒక జర్మన్ ఆవిడ నరసాపురం వచ్చి చూసి 1982లో పుస్తకం రాసింది, రోజంతా అల్లి విదేశాలకి సరుకు పంపే ఆడవాళ్ళని ఉత్త గృహిణులుగానే లెక్కేస్తున్నారని. మా అమ్మ ఆ పుస్తకం చదవలేదు, చదవాల్సిన అవసరం కూడా లేదు ఆవిడకి.

ఇప్పుడు చెప్పండి, ఆ పీడీఎఫ్ మీద ఎవరి పేరు వేస్తున్నారు?

లేసుపిచ్చి:
"మా అమ్మమ్మ సేకరణ" అని వేశాను. లోపల ఎవరు ఇచ్చారో కూడా ఉంది కదా. "చెరువుగట్టు ఇంటి కోడలు", "మేస్త్రీ గారి భార్య", "మొగల్తూరు ఆవిడ". అమ్మమ్మ దాచిపెట్టలేదు.

గోదారిగట్టు:
వాటిలో ఒక్క పేరుందా?

మగ్గంమాస్టర్:
ఇది పాయింటే.

చిక్కుముడి:
అయితే చట్టం ప్రకారం ఆ ముక్కలు పేరు తెలియని కర్తల రచనలవుతాయి, అలా చూస్తే వారసుల లెక్క మారి…

గోదారిగట్టు:
మీకో దండం. నేను కాపీరైటు గురించి ఒక్క మాటైనా అన్నానా? అల్లుకోండి, ఎవరైనా అల్లుకోండి, నాకేం నొప్పి లేదు. మళ్ళీ ఇంకోసారి శాంపిలుగా పట్టుకెళ్తున్నారన్నదే నా మంట.

చిక్కుముడి:
మొదట "ఎవడో అల్లించి అమ్ముకుంటాడు" అన్నది మీరే కదా. పైకెళ్ళి చూసుకోండి.

ఊలుఉండ:
గొడవ నా వల్ల పెరిగితే సారీ అండీ. లింకు అడిగానంతే.

లేసుపిచ్చి:
నాలుగు రోజులు ఇటు రాలేదు, కోపంగానే ఉన్నాను. నిన్న మా అమ్మకి ఫోన్ చేసి అడిగాను. ఆమెకి చాలామంది గుర్తులేరు. చెరువుగట్టు మీద నాలుగిళ్ళుండేవట, వాటిలో ఏ ఇంటి కోడలో తెలియదంది. "పేరుతో మనకేం పని, పువ్వులు లెక్క సరిపోతే చాలు కదా" అంది మామూలుగా. అప్పటిదాకా మీ మీదున్న కోపం కాస్త అటు తిరిగింది. మా తాతగారి మీద మీరన్నది మాత్రం నేనింకా ఒప్పుకోను, మా ఇంట్లోనూ అప్పులే మిగిలాయి. పీడీఎఫ్ ఆపాను. సంక్రాంతికి పుస్తకం పట్టుకుని వెళ్తాను, ఎవరైనా గుర్తుపడితే రాసుకుంటాను. పట్టకపోతే ఏం చెయ్యాలో నాకు తెలియదు, ఊరికే ట్రంకులో మాత్రం పెట్టను.

గోదారిగట్టు:
ఆయ్. ఒక సాయం చేస్తారా? 63వ పేజీలో ముక్క దారం ఊడదీసి వెనక వైపు ఫొటో తీసి నాకొక్కదానికి పంపండి. మా ఇల్లు చెరువుగట్టు మీదే. మా అమ్మది ఎడమ చేతివాటం.

చిక్కుముడి:
ఎడమ చేత్తో అల్లితే వరస కుడివైపుకి తిరుగుతుంది, గడియారం ముల్లులాగా. అది ముందు వైపే కనిపిస్తుంది, వెనక ఫొటో అనవసరం.

గోదారిగట్టు:
ముక్క తిరగేసి కుట్టి ఉంటేనో?

చిక్కుముడి:
…అవును, రెండు వైపులా తీయాలి.

లేసుపిచ్చి:
బ్లేడు వెతుకుతున్నా. ఐదు నిమిషాలు.