ఇంటి నెట్‌వర్క్ వైరింగ్‌కి క్యాట్ (కేబుల్ కేటగిరీ) 5ఈ చాలా, 6 వేయాలా, 6ఏ దాకా వెళ్లాలా?

ప్రశ్న:
ప్లాస్టరింగ్ కాకముందే ఇంట్లో నెట్‌వర్క్ కేబుల్ లాగించాలి. ఎనిమిది పాయింట్లు, అన్నిటికన్నా దూరం 35 మీటర్లు. పైపు 20 మి.మీ. రెండు పీఓఈ కెమెరాలు (నెట్‌వర్క్ కేబుల్ మీదే కరెంటు తీసుకునేవి) ఉంటాయి. రేపు 10 గిగాబిట్ వేగం పెట్టుకున్నా గోడ పగలగొట్టే పని రాకూడదు. క్యాట్ 7 వేయమని కొందరంటున్నారు. ఏది మేలు?

జవాబు:
క్యాట్ 6 చాలండి. 5ఈ కూడా 100 మీటర్ల వరకు 1 గిగాబిట్ బాగానే మోస్తుంది, కాకపోతే 10కి లెక్కలోకి రాదు. క్యాట్ 6 మీద 10 గిగాబిట్ 55 మీటర్లు వెళ్తుంది. కేబుళ్లన్నీ ఒత్తుగా కట్టేస్తే పక్కవాటి సిగ్నల్ దూరి 37కి పడిపోవచ్చు, అయినా మీ 35 అందులోపే. 6ఏకి 100 మీటర్ల భరోసా ఉంది గానీ లావు 7, 8 మి.మీ. మీ పైపులో రెండు దాటితే లాగేటప్పుడు తెలుస్తుంది. క్యాట్ 6 అయితే మూడు పడతాయి.

క్యాట్ 7 సంగతి పేరు గొప్ప ఊరు దిబ్బ. టీఐఏ (అమెరికా టెలికాం పరిశ్రమ సంఘం) ప్రమాణాల్లో అది లేనే లేదు. ఐఎస్ఓలో (అంతర్జాతీయ ప్రమాణాల్లో) ఉన్నదానికి మామూలు నెట్‌వర్క్ ప్లగ్గులు కాకుండా జీజీ45, టెరా అనే కనెక్టర్లు కావాలి.

మరో జవాబు:
కేటగిరీ కన్నా ముందు తీగ చూడండి. సీసీఏ అని ఉంటే వద్దు, అది రాగి పూత పూసిన అల్యూమినియం. నిరోధం ఎక్కువ కాబట్టి కెమెరాకి వోల్టేజీ తగ్గి చేరుతుంది. రాత్రి ఐఆర్ లైట్లు (చీకట్లో చూసేందుకు కెమెరాలో ఉండేవి) వెలగగానే కెమెరా రీస్టార్ట్ అవుతుంటే మొదటి అనుమానం దీనిమీదే. తీగ చివర బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా ఉంటే అల్యూమినియమే.

ప్రశ్న అడిగినవారు:
20 మీటర్ల క్యాట్ 6 ముక్కకి ప్లగ్గులు వేసి చూశాను. రంగులు జత పక్కన జతగా, రెండు చివర్లా ఒకేలా పెట్టాను. టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలిగాయి, లింకు మాత్రం 100 ఎంబీపీఎస్ (1 గిగాబిట్‌లో పదో వంతు) దగ్గరే ఆగింది.

జవాబు:
జత పక్కన జత పెట్టడమే తప్పు. 3, 6 పిన్నుల్లోకి ఒకే జత తీగలు వెళ్లాలి. మీ వరసలో అవి వేర్వేరు జతలవి, కాబట్టి పురి (జతలోని రెండు తీగల మెలిక) వల్ల పక్క సిగ్నళ్ల నుంచి వచ్చే రక్షణ పోయింది. లైట్ల టెస్టర్ తీగ తెగిందా లేదా అనే చెబుతుంది, ఇది దానికి దొరకదు. వరస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. పురి 13 మి.మీ. కన్నా ఎక్కువ విప్పకండి. గోడలో ఉండే చివరకి ప్లగ్గు కాకుండా కీస్టోన్ జాక్ (గోడ ప్లేటులో బిగించే సాకెట్) పెట్టి తీగలు అందులోకి నొక్కి పంచ్ చేయండి, గోడ కేబుల్‌లోని ఒంటి గట్టి తీగ పదేపదే వంగితే విరుగుతుంది.